కదలని ఆకు

ఆ పిల్లను ఇంట్లో అందరూ బొంగరం అనే పిలిచేవారు. కుదురుగా కూర్చుని భోజనం చేయడం కూడా ఆమెకు చేతకాదు. ముద్దకీ ముద్దకీ మధ్య కిటికీ దాకా వెళ్ళొస్తుంది. అలాంటి పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంది, అదీ వదిన ఊరు వదిలి వెళ్ళిపోయే రోజున.

పిన్ని కుట్టు దుకాణం ఒక పొడుగాటి గది. వీధివైపు గుడ్డలు కత్తిరించే బల్ల. లోపలివైపు ఎంబ్రాయిడరీ మిషన్, దాని పక్కన పాత కంప్యూటర్. కంప్యూటర్‌లో ఎలా రాస్తే మిషన్ అలా గుడ్డమీద పువ్వులూ ఆకులూ కుడుతుంది. ఇన్నాళ్ళూ ఆ రాసే పని పిన్ని కోడలైన వదినదే. ఇప్పుడు అన్నయ్యకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆయన ముందే వెళ్ళి ఇల్లు చూశాడు. వదిన సాయంత్రం బండికి బయల్దేరుతోంది. రాసేవాళ్ళు లేకపోతే మిషన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అందుకని పిన్ని పక్క వీధి కర్టెన్ల కొట్టాయనకు కబురు పెట్టింది, సాయంత్రం వచ్చి చూసుకోమనీ, నచ్చితే తీసుకుపొమ్మనీ.

"మిషన్ పోతే నేనేం చేయాలి పిన్నీ?"

"ఇస్త్రీ చెయ్యి. నిలబడి చేసే పనే. నీకు బాగా కుదురుతుంది."

ఆ దుకాణంలో బొంగరం కన్నా చురుగ్గా కదిలేది ఆ సూది ఒక్కటే. అది టకటకా పరుగెడుతుంటే చూడ్డం కోసమే తను రోజూ దుకాణానికి వచ్చేది.

"నేను రాస్తాను. నాకు వచ్చు," అంది.

పిన్ని కళ్ళద్దాల మీదనుంచి చూసింది. "నాటకాల మాస్టారి తెర ఉందిగా. కొట్టాయన వచ్చేలోపు దాని అంచు కుట్టి చూపించు. అప్పుడు ఆలోచిద్దాం."

కర్టెన్ల కొట్టాయన వచ్చేది సాయంత్రమే. బొంగరం పరుగున వెళ్ళి కూర్చుంది. తెర అంచు పొడుగునా ఆకులు రావాలి. ఆకు కుట్టు అని ఒక లైను, ముందుకు జరుగు అని ఒక లైను. మళ్ళీ ఆకు, మళ్ళీ జరగడం. ఆ రెండు లైన్లనీ కాపీ చేసి కిందికి అతికించుకుంటూ పోయింది. కంప్యూటర్ తెర నిండిపోయి రాత ఇంకా కిందికి సాగింది. అబ్బో, ఎంత రాశానో అని మురిసిపోయింది కూడా.

అంతలో నాటకాల మాస్టారు తొంగిచూశారు. కంప్యూటర్‌లో బొమ్మ చూసి నుదురు చిట్లించారు.

"ఏంటమ్మా ఇది, ఆకులు ఒకదానిమీద ఒకటి అలిగినట్టు అంత దూరం దూరంగా కూర్చున్నాయి? కాస్త దగ్గరికి జరుపు."

ఆయనకేం, అనేసి వెళ్ళిపోయారు. బొంగరం ప్రతి జరుగు లైనునూ వెతికి దిద్దడం మొదలుపెట్టింది. కొన్ని దిద్దింది, కొన్ని మరిచిపోయింది. బొమ్మలో కొన్ని ఆకులు గుంపుగా, కొన్ని ఒంటరిగా మిగిలాయి. లేచింది, నీళ్ళు తాగింది, గుమ్మం దాకా వెళ్ళింది, వచ్చి మళ్ళీ కూర్చుంది. గోళ్ళు కొరికింది. గోడ గడియారం ఎందుకో ఈరోజు మరీ తొందరపడుతున్నట్టుంది.

వదిన బట్టలు సర్దుతూ సర్దుతూ వచ్చి వెనక నిలబడింది.

"చేంతాడంత రాశావే! చెయ్యి నొప్పెట్టలేదూ?"

"నవ్వకు వదినా. ఏడుపొస్తోంది."

"ఏడిస్తే కీబోర్డు పాడవుతుంది. అదంతా చెరిపెయ్. ఫర్ లూప్ రాయి, చెప్పిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. ఎన్నిసార్లు చేయాలో మొదటి లైన్లో చెప్పాలి. ఏం చేయాలో దాని కింద చెప్పాలి. ఒక్కసారే. కింద లైన్లని కాస్త కుడివైపుకి జరిపి రాస్తే అవి లూప్‌లో ఉన్నట్టు. జరపకపోతే బయట ఉన్నట్టు. మాస్టారు ఆకులు మళ్ళీ జరపమన్నా ఒక్కచోట మారిస్తే చాలు."

"అంతేనా?"

"అంతే. నా చీరలు మడతపెట్టాలి, నన్నొదిలెయ్."

ఇంత సులువని ముందే తెలిస్తే పొద్దుటినుంచి ఈ తిప్పలెందుకు పడేది! బొంగరం అంతా చెరిపేసింది. ఫర్ అని రాసింది, ముప్పైసార్లు అంది. దాని కింద కుడివైపుకి జరిపి, ఆకు కుట్టు. ఆ కింద, ముందుకు జరుగు. అయిపోయింది! బొమ్మలో ఒక్క ఆకే కనబడింది. దగ్గరగా చూపిస్తోంది కాబోలు అనుకుంది. సరిగ్గా చూసే ఓపిక ఎక్కడిది? తెర గుడ్డను చట్రంలో బిగించి మీట నొక్కేసింది.

సూది కదిలింది. ఆకు కుట్టింది, ఎంత ముద్దుగా ఉందో! మళ్ళీ ఆకు కుట్టింది, అక్కడే. దానిమీదే మళ్ళీ ఇంకోటి. దారం ఉబ్బి ఉండ కట్టింది. సూది చప్పుడు మారి, పళ్ళు కొరుకుతున్నట్టు వినిపించింది. బొంగరం ఆపే ఎర్ర మీట మీద చెయ్యి వేసేసరికి దారం తెగి, గుడ్డ మధ్య చిల్లు పడింది.

పిన్ని లేచి వచ్చి చిల్లులోకి వేలు పెట్టి చూసింది.

"బాగుంది. మాస్టారు దీంట్లోంచి జనాన్ని చూసుకోవచ్చు."

తిట్టి ఉంటే బాగుండేది. బొంగరం గదిలో ఈ మూలనుంచి ఆ మూలకి కాలుగాలిన పిల్లిలా తిరగసాగింది. "చెప్పినట్టే రాశాను. మిషన్‌కే ఏదో అయింది. ఇది నా మాట వినడంలేదు!"

వదిన చీర మడత మధ్యలోనే వదిలేసి వచ్చి కంప్యూటర్ తెరవైపు చూసింది. ఆమెకు వెంటనే అర్థమైపోయిందని ముఖంలోనే తెలిసింది. కానీ చెప్పలేదు. బల్ల కింద బుట్టలోంచి గుడ్డ పేలికలు తీసి బొంగరం చేతిలో పెట్టింది.

"నువ్వే సూదివి. నువ్వు రాసింది నేను చదువుతాను. చదివింది తప్ప ఇంకేమీ చేయకూడదు. ఆకు పెట్టు."

బొంగరం ఒక పేలిక నేలమీద పెట్టి అడుగు ముందుకు వేసింది.

"ఏయ్, ఎక్కడికి? నిన్ను జరగమని ఎవరన్నారు?"

వెనక్కి వచ్చింది.

"ఆకు పెట్టు."

ముందు పేలిక మీదే ఇంకో పేలిక పెట్టింది.

"ఆకు పెట్టు. ఆకు పెట్టు. ఊఁ, ఆకు పెట్టు."

పేలికలు కుప్ప అవుతున్నాయి. బొంగరానికి అరికాళ్ళు జిలపెట్టాయి, పిక్కలు పీకాయి. ఒంట్లో ప్రాణమంతా మోకాళ్ళలోకి దిగి, కదులు కదులు అంటోంది. వదిన మాత్రం ఆకు పెట్టు అంటుందే కానీ ఇంకో మాట అనదు. చేతిలో పేలికలన్నీ అయిపోయాక, తీరిగ్గా అంది, "ఇప్పుడు జరుగు."

"ఇప్పుడా చెప్పేది!" అని అరిచింది బొంగరం. "మొదటి ఆకు పెట్టగానే కదా చెప్పాలి! ప్రతి ఆకుకీ చెప్పాలి!"

"నన్నంటావేం? నేను చదివానంతే. రాసిందెవరో?"

బొంగరం ఒక్క గెంతులో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. ఆకు లైను కుడివైపుకి జరిగి ఉంది. జరుగు అన్న లైను తొందరలో ఎడమ అంచుకే అతుక్కుని ఉండిపోయింది. పాపం సూది! ముందుకు పొమ్మనే మాట లూప్ అంతా అయిపోయాక గానీ వినబడలేదు దానికి. అంతసేపూ అలాగే నిలబడిందన్నమాట. తనైతే నిలబడగలదా?

లైనును కుడివైపుకి జరిపింది. ఈసారి బొమ్మను వేలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. ఆకులన్నీ బారుగా, మాస్టారు చెప్పినంత దగ్గరగా ఉన్నాయి.

"మరి చిల్లు?" అంది, పిన్ని వైపు చూడకుండా.

పిన్ని అప్పటికే అదే రంగు గుడ్డ ముక్క కత్తిరించి ఉంచింది. తెర వెనక దాన్ని పెట్టి చేత్తో సన్నగా కుట్టి, పంటితో దారం తెంపింది. "మొదటి ఆకు సరిగ్గా దీనిమీద పడేట్టు బిగించు. పైనుంచి కనబడదు. మళ్ళీ పొడిచావో, ఇస్త్రీ పెట్టె కాచుకుని కూర్చుంది."

సూది దిగింది. అతుకు మీద మొదటి ఆకు కుట్టింది. సూది పైకి లేచి, పక్కకు జరిగి, రెండో ఆకు మొదలుపెట్టింది.

కర్టెన్ల కొట్టాయన వచ్చినప్పుడు ఆకులు సగం దాటాయి. ఆయన చేతులు వెనక కట్టుకుని కాసేపు చూశాడు.

"మిషన్ బాగానే ఉందక్కా. ఎప్పుడు తీసుకెళ్ళమంటారు?"

పిన్ని కళ్ళద్దాలు తుడుచుకుంది. "పనిలో ఉంది కదయ్యా, కనబడడంలేదూ?"

"అయ్యాకే తీసుకెళ్తా."

"ఇప్పట్లో అయ్యేట్టు లేదు. ఊరికే తిప్పించాను, ఏమనుకోకు."

బయట ఆటో వచ్చి ఆగింది. వదిన పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బొంగరం గుమ్మానికి పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుంది, వెంటనే మిషన్ దగ్గరికి పరుగెత్తి దారం చూసింది, మళ్ళీ గుమ్మానికి వచ్చింది. పువ్వులు ఎలా రాయాలో ఇంకా అడగనే లేదు. కొమ్మలు, తీగలు, ఎన్ని ఉన్నాయో! రేపటినుంచి ఎవరిని అడగాలి?

"వదిన వెళ్ళేదాకా ఒక్కచోట ఉండవే, కళ్ళు తిరుగుతున్నాయి నాకు," అంది పిన్ని.

"వద్దత్తయ్యా," అంది వదిన ఆటో ఎక్కుతూ. "ఒక్కచోటే ఉంటే చిల్లు పడుతుంది."

ఆటో వీధి మలుపు తిరిగేదాకా బొంగరం గుమ్మంలో ఉంది. లోపల సూది ఇంకో ఆకు ముగించి ముందుకు జరిగిన చప్పుడు వినగానే, చెంపలు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.