గోడవైపు మంచం

ఎలిశబెతు ఇనుప మంచాన్ని కామాక్షయ్య ముఖం గోడవైపు వచ్చేలా తిప్పి, చెంగుతో చెమట తుడుచుకుంది. హైవే పక్కనున్న ఆ వృద్ధాశ్రమంలో అన్నం పెట్టేముందు మంచం తిప్పే ఆయా ఆమె ఒక్కతే.

పక్షవాతం వచ్చి కామాక్షయ్య మూతి ఒక పక్కకు జారిపోయింది. పెట్టిన ముద్దలో సగం గడ్డం మీదికి కారుతుంది. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెలో వలల తగాదాలకు తీర్పు చెప్పిన మనిషి. ఎవరైనా చూస్తుంటే నోరు తెరవడు.

“గోడ తప్ప నీకు చుట్టాలే లేరా పెద్దనాయనా?”

“గోడ నవ్వదు గదా పాపా,” అన్నాడు, మాట ముద్దముద్దగా.

రెండు రోజులుగా జ్వరం. గోడవైపు తిప్పినా రెండు చెంచాల గంజికి మించి దిగడం లేదు. ఎలిశబెతుకు భయం. గూడూరులో చదువుతున్న కూతురు షారన్ ఒక్కసారి ఫోను ఎత్తకపోతే బస్సు బోల్తా పడిందనుకునే మనిషి ఆమె. తిండి మానేసిన ముసలివాళ్ళు ఎన్నాళ్ళుంటారో పదకొండేళ్ళుగా చూస్తూనే ఉంది.

పదకొండింటికి సూపర్‌వైజరు రోజారమణి వచ్చింది.

“ఏందక్కా, ఏడో నంబరును ఇంకా గోడకే పెట్టుండావా? చిల్లకూరు నుంచి విజయభాస్కర్ గారోళ్ళు వచ్చేసినారు. పాప పుట్టినరోజు. ఆ బిడ్డ చేత్తో తినిపిస్తారంట. ఇట్టా తిప్పు.”

“ఆయన తినడు మా. వాళ్ళు పోయినాక నేను పెడతాలే.”

“అన్నం పెట్టేటోళ్ళకు వీపు చూపిస్తే మళ్ళా వస్తారా? రెండు దినాలుగా తినలేదని నువ్వే గదా ఏడస్తుండావు. చిన్నబిడ్డ పెడితే తింటాడేమో.”

ఆ చివరి మాట ఎలిశబెతును పట్టుకుంది. తినకపోతే రేపటికి ఉంటాడా? ప్రభువా అనుకుని, మంచం తిప్పింది.

ఆరేళ్ళ బిందు మెరుపుల గౌనులో చెంచా పట్టుకుని నిలబడింది. వెనక తండ్రి విజయభాస్కర్ ఫొటో కోసం ఫోను ఎత్తి పట్టుకున్నాడు. కామాక్షయ్య పెదవులు బిగించి ఎలిశబెతు వైపు చూశాడు.

“ఒక్క ముద్ద పెద్దనాయనా. నా కోసం.”

ఆమె కోసం నోరు తెరిచాడు. పులిహోర మెతుకులు గడ్డం మీదుగా మెడలోకి జారాయి. పాప మొహం తిప్పేసుకుంది.

“సరిగ్గా రాలేదు. ఇంకొక్కసారి తాతా, ఇటు చూడు,” అన్నాడు విజయభాస్కర్, ప్రేమగానే.

మూడుసార్లు తెరిచాడు. మూడోసారి పొలమారి, దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డాయి. వాళ్ళు పక్క మంచానికి వెళ్ళారు.

మెడ మీది మెతుకులు ఎలిశబెతు తుడుస్తుంటే కామాక్షయ్య అడిగాడు.

“ఆ బొమ్మ యాడికి పోద్ది పాపా?”

“యాడికీ పోదు. వాళ్ళింట్లోనే ఉంటది.”

“మా ఊళ్ళో పిల్లకాయలందరి కాడా ఫోన్లుండాయి.”

ఆమె మంచాన్ని మళ్ళీ గోడవైపు తిప్పింది.

“ఇంక తిప్పి ఏం లాభంలే,” అన్నాడు.

మధ్యాహ్నం గంజి తెచ్చింది. గోడ ముందు కూడా నోరు తెరవలేదు. ‘నా కోసం’ అని మళ్ళీ అనడానికి ఎలిశబెతుకు నోరు రాలేదు. మూడింటికి మిద్దె మీద దుప్పట్లు ఆరేసి వచ్చేసరికి ఆయనలో ఊపిరి లేదు. గంజి మీద మీగడ కట్టి ఉంది.

సాయంత్రం ఊరి నుంచి కామాక్షయ్య అన్న కొడుకు పెంచల్ ఆటో తీసుకుని వచ్చాడు. శవాన్ని ఎక్కించాక, ఎలిశబెతు దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

“మధ్యాహ్నం మా ఊరి వాట్సాప్ గ్రూపులో చిన్నాయన ఫొటో యాడినుంచో వచ్చిందక్కా. ఊరంతా చూసినాము. బాగా తింటుండాడే, ఇంకేం భయం లేదనుకుంటిమి.”

ఆటో వెళ్ళాక ఆమె పరుపు చుట్టి బయట పెట్టింది. రోజారమణి, దాతలు ఇచ్చిపోయిన తువ్వాళ్ళను జాబితా చూసుకుంటూ మంచానికొకటి పెట్టుకుంటూ వెళ్ళింది. ఏడో మంచం ఇనుప పట్టీల మీద, కవరు చించని పసుపు తువ్వాలు. కవరు మీద నవ్వుతున్న బిందు ఫొటో, దాని కింద ‘నన్ను ఆశీర్వదించండి’ అని ఎర్ర అక్షరాలు.