ముందు చక్రానికి కందెన

"నాకా అరుపు మంచిగా తోచడం లేదురా రంగా. ఈ పొద్దు పోబాక."

మాలకొండమ్మ ఈ మాట అనేసరికి ఇంకా ఏమీ జరగలేదు. కొడుకు రంగనాయకులు పంచలో పీట మీద కూచుని చద్దన్నం తింటున్నాడు. వాకిట్లో పందిరి గుంజకు ఆనించిన మోటారు సైకిలు నోరు మూసుకునే ఉంది. ఆమె చెవుల్లో మాత్రం నిన్న సాయంత్రం దాని ముందు చక్రం పెట్టిన కూత ఇంకా గింగురుమంటూనే ఉంది.

భయపడడం మాలకొండమ్మకు ఇంటిపనుల్లో ఒకటి. పేడకళ్ళు ఎత్తినట్టు, కల్లాపి చల్లినట్టు, లేవగానే ఏదో ఒక భయాన్ని చేతికెత్తుకునేది. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. మిగిలింది ఒక్క కొడుకు. వాడు బావిలోకి తొంగిచూస్తే భయం, చెట్టెక్కితే భయం, తుమ్మితే భయం. ఇప్పుడు ఈ బండొకటి వచ్చిపడింది.

బండి వాళ్ళది కాదు. చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు మద్రాసులో మిలిటరీ వాళ్ళు పాత సామాను వేలం వేస్తే, బోగోలులో ఎండుచేపల వ్యాపారం చేసే ఆసామి ఒకాయన మోజుపడి కొనుక్కొచ్చాడు. రెండుసార్లు ఇసకలో బోర్లాపడ్డాక ఆయనకు మోజు తీరిపోయింది. బండిని రంగనాయకులుకు అప్పగించి, ఉప్పు పండించే కొటార్లకూ, కాలువ అవతల చేపలవాళ్ళుండే పట్టపుపాలేనికీ కబుర్లు మోసే పని పెట్టాడు. అది రోడ్డు దారి కాదు. ఇసక దిబ్బలు, సరుగుడు తోటలు, ఉప్పునీళ్ళ కయ్యలు దాటుకుంటూ పోవాలి. చివర బకింగ్‌హామ్ కాలువ. దాని కట్టెక్కి, అవతలివైపు నిట్టనిలువు వాలులో బల్లకట్టు దగ్గరికి దిగాలి. ఆ వాలు తలచుకున్నప్పుడల్లా మాలకొండమ్మ దేవుళ్ళకు మొక్కుకునేది.

"బ్రేకులో ఇసక చేరిందమ్మా, అందుకని కూస్తా ఉండాది," అన్నాడు రంగనాయకులు మిరపకాయ కొరుక్కుంటూ. "కావలి నుంచి మౌలా అన్న వచ్చి, విప్పి ఉప్పుకాగితం పెట్టి రుద్దుతానన్నాడు. కూస్తే కూసింది, పడతా ఉండాది గదా?"

"ఏం పడతా ఉండాది? మొన్న కయ్యలో దిగొచ్చినప్పుడు పట్టలేదని నువ్వే అంటివే!"

"అది తడమ్మా. బ్రేకు పిడి రవ్వంతసేపు నొక్కిపట్టి తోల్తే, ఆ వేడికి ఆరిపోయి మళ్ళా పడతాది. దానికీ ఏడస్తావా?"

దడి అవతలనుంచి చెంచులక్ష్మి తల పైకి లేచింది. "ఒరే రంగా, నీ బండి కూత వినబడితే చాలు, మా బర్రె పాలు ఎగజేపతా ఉండాది. ఇంక నీ బండి కిందనే చెంబు పెట్టుకోమంటావా ఏందిరా?"

"పెట్టుకో అత్తా, పెట్రోలు పిండుకుందువు."

చెంచులక్ష్మి నవ్వింది, రంగనాయకులు నవ్వాడు. మాలకొండమ్మకు నవ్వు రాలేదు. ఊరంతా వినేలా ఒక చక్రం మొత్తుకుంటుంటే వీళ్ళకు ఎకసెక్కాలుగా ఉంది.

అతను చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కోవడానికి లోపలికి పోయాడు. మాలకొండమ్మ కొట్టంలోకి నడిచింది. చూరులో దోపిన కందెన గొట్టం మొగుడి చేతిదే. ఎడ్లను అమ్మేసినా అది మాత్రం అక్కడే ఉంది. ఆముదంలో గడ్డిమసి కలిపిన నల్లటి జిడ్డు, పుల్లతో కదిపితే అడుగున ఇంకా మెత్తగానే ఉంది. కూసే చక్రానికి కందెన పెట్టడం ఆమెకు అన్నం వార్చినంత తెలిసిన పని. ఎవరినీ అడగనక్కర్లేదు.

మోటారు సైకిలు ముందు చక్రం నడుమ ఇనపగిన్నె లాంటిది ఒకటుంది. కూత అందులోంచే వస్తుందని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. గిన్నెకూ దాని మూతకూ మధ్య సన్నటి సందు. అందులోకి పుల్లతో కందెన తీసి కుక్కింది. చాలదేమో అనిపించి ఇంకోసారి కుక్కింది. కొడుకు చూస్తే కసురుకుంటాడని, బయట అంటిన మసిని కొంగుతో శుభ్రంగా తుడిచేసింది.

రంగనాయకులు బండి తీశాడు. వీధి మలుపులో బండి ఎప్పుడూ ఒక పెద్ద కూత పెట్టేది. ఇవాళ కూత మొదలై సగంలోనే అణగిపోయింది. బండి మాత్రం ఆగి, తిరిగి, చక్కగా పోయింది. మాలకొండమ్మ గుమ్మానికి ఆనుకుని నిండా ఊపిరి పీల్చుకుంది. నెలరోజుల్లో అలా పీల్చుకోవడం అదే మొదలు.

పొద్దు బారెడెక్కేసరికి మౌలా సైకిలు దిగాడు. సంచిలో సామాను గలగలమంటోంది.

"రంగడు యాడక్కా? వెనక బ్రేకు కడ్డీ తెచ్చినా."

"వెనక బ్రేకుకు ఏమొచ్చిందయ్యా?"

"నిన్న తెగిపోయింది గదా! చెప్పలేదా?" మౌలా నవ్వాడు. "నీకు చెప్తే ఊరంతా నిద్ర మానుకుంటాదని చెప్పుండడులే. నువ్వేం భయపడబాక. ముందుది గట్టిగానే ఉండాది. దాని రోగమంతా కూతే. ఇదిగో, ఉప్పుకాగితం గూడా తెచ్చినా."

"ఆ కాగితంతో ఇంక పనిలేదులే నాయనా. కూత పోయింది. తెల్లారే నేను కందెన పెట్టినా," అంది మాలకొండమ్మ. ఆ గొంతులో రవ్వంత గర్వం కూడా ఉంది.

మౌలా నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది. "దేనికి పెట్టినావు?"

"ఆ గిన్నెలోకే. రెండుసార్లు పెట్టినా."

"అక్కా..." అతను సంచి కింద పడేశాడు. "బండి ఇరుసుకైతే కందెన పెడతాం, అది తిరగాల గనక. ఇది తిరిగేది కాదక్కా, పట్టుకునేది! పట్టుకునేదానికి జిడ్డు పూస్తే ఏం పట్టుకుంటాది?"

"మలుపులో పట్టిందే! నా కళ్ళతో చూస్తినే!"

"చల్లగా ఉన్నంతసేపు గడ్డకట్టి ఒకపక్కన ఉంటాది. వాడిప్పుడు కయ్యల్లో దిగిపోతాడా? బ్రేకు సరిగా పట్టకపోతే తడి అనుకుంటాడు. ఆరబెడదామని పిడి నొక్కిపడతాడు. నొక్కేకొద్దీ వేడి, వేడెక్కేకొద్దీ నీ ఆముదం కరిగి బ్రేకంతా పాకతాది." మౌలా అప్పటికే సైకిలు తిప్పాడు. "యాడికి పోయినాడు?"

"ముందు ఉప్పు కొటారుకు. ఆడనుంచి పాలేనికి."

"అయితే బల్లకట్టు కాడికి ఇంకా వచ్చుండడు. ఎక్కక్కా, ఎక్కు!"

పుట్టి బుద్ధెరిగాక మాలకొండమ్మ సైకిలు ఎక్కలేదు. పరాయి మగవాడి వెనక అసలే ఎక్కలేదు. దడి మీదనుంచి చెంచులక్ష్మి ఏదో అనబోయి, ఈమె ముఖం చూసి నోట్లోనే మింగేసింది.

ఊరు దాటేవరకు సైకిలు సాగింది. సరుగుడు తోటల దగ్గర చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. సైకిలు అక్కడే పడేసి ఇద్దరూ పరుగందుకున్నారు. వేడెక్కిన ఇసకలో అడుగు ముందుకు వేస్తే అరడుగు వెనక్కు జారుతోంది. మాలకొండమ్మ ఎన్నెన్ని విధాల భయపడి ఉంటుంది! పాము కరిచినట్టు, పిడుగు పడ్డట్టు, కాలువలో మునిగినట్టు, లారీ గుద్దినట్టు. వాడు పుట్టిన ఈ పద్దెనిమిదేళ్ళుగా పడ్డ అన్ని భయాల్లో ఒక్కదాంట్లోనూ తన చెయ్యి లేదు.

తోట అంచుకు వచ్చేసరికి ఎదురుగా కాలువ కట్ట కనిపించింది. ఇంకా రెండువందల గజాలుంది. అప్పుడే దక్షిణపు దిక్కునుంచి డబడబమని చప్పుడు. కట్ట మీద, ఆకాశానికి అంటినట్టు, బండీ దాని మీద రంగనాయకులూ.

"రంగా! ఆగరా! ఒరే, ఆగరా!"

మౌలా తలగుడ్డ విప్పి ఊపాడు. బండి చప్పుడులో వాళ్ళ గొంతులు ఏ మూలకు? రంగనాయకులు ఇటు చూడనైనా లేదు. బండిని వాలు వైపు తిప్పాడు. ముందు చక్రం కిందికి వంగింది. తర్వాత అతని తల కూడా కట్ట అవతల దిగిపోయింది.

వాలు సగంలో అది కూస్తుంది. ఎప్పుడూ అక్కడే కూస్తుందని రంగనాయకులే చెప్పేవాడు. మాలకొండమ్మ నిలువునా ఆగిపోయింది. పళ్ళు జివ్వుమనే కూత, చెంచులక్ష్మి బర్రెను బెదరగొట్టిన కూత, నెలరోజులుగా తను తిట్టిపోసిన కూత. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది వినబడాలని చెవులప్పగించి నిలబడింది.

వినబడలేదు.

కట్ట అవతల ఎవరో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. కొమ్మలు ఫెళఫెళ విరిగాయి. ఇంజను ఒకసారి రంకె వేసి ఆగిపోయింది.

కట్ట ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు. కింద బల్లకట్టు ఒడ్డుకు ఆని ఉంది. చేపల తట్టల ఆడవాళ్ళు సగంమంది దిగి, సగంమంది దిగక, అందరూ ఒకవైపే చూస్తున్నారు. బల్లకట్టు నడిపే ఓబులేసు గెడ కింద పడేసి ఆమెకు ఎదురొచ్చాడు.

"నేరుగా మామీదికే వస్తావుండె తల్లీ," అన్నాడు. "ఆగలేకపోయినాడు. మమ్మల్ని చూసి పక్కకు తిప్పేసినాడు. ఆ మొగలి పొదల్లోకి. అవతలంతా నీళ్ళే."

మొగలి పొదలు మనిషెత్తున, ముళ్ళ గోడలా అల్లుకుని ఉన్నాయి. మధ్యలో బండి దూరిన సందు తప్ప దారి లేదు, దాన్ని కూడా వంగిన మట్టలు మూసేశాయి. ఓబులేసు కత్తి తీసుకుని నీళ్ళలో దిగి అవతలివైపు తిరిగాడు. మౌలా రెండు చేతులతో మట్టలు విరుస్తున్నాడు. మోచేతులనుంచి నెత్తురు కారుతోంది.

"రంగా!"

పలకలేదు.

సందులోంచి ముందు చక్రం ఒక్కటే కనిపిస్తోంది. పైకి లేచి, మట్టలు లాగిన ఊపుకు గాలిలో తిరుగుతోంది. చప్పుడన్నది లేదు, కొత్తగా కందెన పెట్టిన ఎడ్లబండి చక్రంలా మెత్తగా తిరుగుతోంది. గిన్నె సందులోంచి నల్లటి చుక్కలు కిందికి జారుతున్నాయి. కాగిన ఆముదం వాసన.

"రంగా! నాయనా!"

చక్రం నెమ్మదించి ఆగింది. చేపల తట్టల ఆడవాళ్ళలో ఒకామె ఏడవబోతే పక్కామె నోరు మూసింది. పొద అవతల ఓబులేసు నీళ్ళు కదిలిస్తున్న చప్పుడు, మట్టలు విరుగుతున్న చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు. మౌలా ఒక్క క్షణం చేతులాపి, ఆమె వైపు చూడకుండా, మళ్ళీ విరవడం మొదలుపెట్టాడు.

మాలకొండమ్మ ముళ్ళను లెక్కచెయ్యక సందులోకి చేతులు పెట్టింది. ఆమె గొంతులోంచి వచ్చిన కేక కాలువ అవతలి ఒడ్డున తగిలి తిరిగొచ్చింది.

"తడి కాదురా! నీ తప్పు కాదురా! నేనే కందెన పెట్టినా, నేనే! కూస్తావుండాదని నేనే దాని నోరు నొక్కినా! పలకరా, తిట్టరా! ఒక్క మాట తిట్టరా నాయనా!"

కేక ఆగిపోయాక కాలువ నీళ్ళు కూడా ఆగినట్టే అనిపించింది. మౌలా విరవడం మానేశాడు. ఓబులేసు మొల లోతు నీళ్ళలో కత్తి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బల్లకట్టు గుంజకు రాసుకుని ఒకసారి కిర్రుమంది. ఆ తర్వాత అదీ లేదు.

అప్పుడు పొద అడుగునుంచి, మట్టల కింద ఎక్కడో, ఊపిరి అందని గొంతు ఒకటి మెల్లగా కదిలింది.

"అరవబాకమ్మా... ఈడనే ఉండా."