దొరసాని వదిలి వెళ్ళిన గౌను

నైటీకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, వాడు యానాం వచ్చి చూసిన మనిషి కాదు. ఇక్కడి ఆడవాళ్ళు దాన్ని తెల్లారగానే వేసుకుని, భుజాన ఒక తువ్వాలు పడేసుకుంటారు. ఇక రోజంతా అదే. పాలవాడొచ్చినా అదే, చుట్టాలొచ్చినా అదే, వీధి చివర చేపల బేరానికి వెళ్ళినా అదే. ఆగ్నెస్ కూడా అంతే. కాకపోతే ఆమె నైటీకి ఛాతీ మీద పది పన్నెండు గుండుసూదులు అదనంగా గుచ్చి ఉంటాయి. పాతికేళ్ళుగా మిషను ముందు కూర్చునే మనిషికి అంతకు మించిన అలంకారం దేనికి అనుకునేది. ఈమధ్య అలా అనుకోవడం కూడా మానేసింది.

జూన్ నెల కావడంతో బడులు తెరిచారు. గోడ వారన నీలం లాగూలు, తెల్ల చొక్కాలు నడుమెత్తు గుట్ట పడి ఉన్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆగ్నెస్ కాళ్ళు వాచి, చెప్పుల గుర్తులు పాదాల మీద పడిపోతున్నాయి. భర్త మరియదాసు పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో తనూ, ఎనభై ఎనిమిదేళ్ళ అత్తగారు తెరేసా, ఇద్దరే. కుట్టుపని నేర్పింది కూడా ఆ అత్తగారే. ఒక కుట్టు నూలువాసి పక్కకు పోతే జాకెట్టు మొత్తం విప్పించిన మనిషి. ఇప్పుడు కళ్ళకు పొరలు కమ్మి, మంచం మీద కూర్చుని హుక్సు డబ్బా సర్దుతూ ఉంటుంది.

ఈ పనంతా చాలదన్నట్టు ఆ రోజు ఆగ్నెస్ ఒళ్ళో ఒక గౌను ఉంది.

ఆ గౌను సంగతి అగ్రహారం నుంచి దరియాలతిప్ప దాకా తెలియనివాళ్ళు లేరు. నెమలికంఠం రంగు శాటిను, నేల మీద జీరాడే కుచ్చెళ్ళు, వీపు మీద సగం దాకా కిందికి దిగిన మెడ. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఒక ఆఫీసరు భార్య, సాయంకాలం విందుల్లో వేసుకోవడానికి కుట్టించుకుందనీ, కుట్టింది అప్పటికి పద్దెనిమిదేళ్ళ తెరేసా అనీ, తీసుకువెళ్ళేలోపే దొరలు ఊరొదిలి పోవడంతో గౌను ఇక్కడే ఉండిపోయిందనీ కథ. డెబ్భై ఏళ్ళుగా అది ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య పడుకుని ఉంది. ఏడాదికోసారి ఎండకు వేసి, దులిపి, మళ్ళీ పడుకోబెడతారు. ఇంతవరకూ దాన్ని ఎవరూ ఒంటి మీద వేసుకోలేదు.

రేపు సాయంత్రం గోదావరి ఒడ్డున కాలేజీవాళ్ళు పాతకాలపు దుస్తుల ప్రదర్శన పెడుతున్నారు. ఆగ్నెస్ చెల్లెలి కూతురు దివ్య మంగళవారం వచ్చి ఆ గౌను అడిగింది.

"వింటేజ్ దొడ్డమ్మా. ఇలాంటిది ఎవరి దగ్గరా లేదు. కొంచెం లూజు చేసి, మోకాళ్ళ దాకా కట్ చేసెయ్యి. అంత పొడుగు నాకు నప్పదు."

"పాతదంటే పాతదని చెప్పు. దానికో ఇంగ్లీషు పేరెందుకు?" అంది ఆగ్నెస్. ఆమెకు ఆ గౌను మీద పెద్ద ప్రేమేమీ లేదు. పెట్టె ఖాళీ అయితే యూనిఫారాలు పెట్టుకోవచ్చు. అయినా అత్తగారిని ఒక మాట అడిగింది. తెరేసా గోడకేసి చూస్తూ, "దొరసానిదే కదే. ఎవరేసుకుంటే ఏంటి?" అంది.

అంటే అంది గానీ, అప్పటినుంచి ముద్ద సరిగ్గా దిగడం లేదు. రాగిజావ ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెడుతోంది. ఎండలకేమోలే అనుకుంది ఆగ్నెస్. ఇంకోలా అనుకోవడానికి ఆమెకు తీరిక లేదు. ఆరు గంటలకు దివ్య వేసి చూసుకోవడానికి వస్తుంది. ఇప్పుడు మూడైంది.

పక్క కుట్టు ఒకటి విప్పింది. లోపల వదిలిన గుడ్డ చాలదు. కత్తిరించి ముక్క అతికించాల్సిందే. కింద మూర గుడ్డ తీసెయ్యాల్సిందే. ఒకసారి కత్తెర పడ్డాక మళ్ళీ మొదటి గౌను అయ్యే ప్రసక్తే లేదు. సరేలే అనుకుని, భుజాలు సమానంగా పెట్టి బల్ల మీద పరిచింది. ఎడమ భుజం కుదరలేదు. మళ్ళీ పరిచింది. మళ్ళీ కుదరలేదు. టేపు పెట్టి చూస్తే ఎడమ వైపు అరంగుళం కిందికి ఉంది.

పద్దెనిమిదేళ్ళ పిల్ల, పొరపాటు పడిందనుకుంది. తిరగేసి చూసింది. వెనక ముక్క కూడా అంతే. ముందూ వెనకా, రెండూ అరంగుళం దింపి, తెలిసి కత్తిరించిన కత్తిరింపు. నూలువాసికి జాకెట్టు విప్పించే మనిషి అరంగుళం పొరపాటు చేస్తుందా?

ఆగ్నెస్ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఆ భుజం ఆమెకు తెలుసు. పాతికేళ్ళుగా ఆ భుజానికి జాకెట్లు కుడుతోంది. చిన్నతనంలో పడవ మీంచి రేవు మెట్ల మీద పడి, ఎముక విరిగి, వంకరగా అతుక్కున్న అత్తగారి భుజం. కొలత చూడకుండా, కళ్ళు మూసుకుని అరంగుళం దింపేది. ఊళ్ళో ఇంకెవరికీ అలా దింపాల్సిన పని లేదు.

ఆమెకు ముందు వచ్చింది కోపం. ఇంత ఎండలో, ఇంత పనిలో, ఇప్పుడా ఈ సంగతి బయటపడడం?

"అత్తా," అంది. "ఆ దొరసానికి కూడా ఎడం భుజం విరిగిందా?"

హుక్సు సర్దుతున్న వేళ్ళు ఆగిపోయాయి. తెరేసా డబ్బా మూత వెతుక్కుని పెట్టింది.

"ఆవిడకి మూడు గౌన్లు కుట్టానే," అంది. "నాలుగోది ఆవిడది కాదు."

"మరి గుడ్డ?"

"ఆవిడే ఇచ్చింది. రంగు నచ్చలేదంట. నువ్వే ఏదన్నా కుట్టుకో అని ఇలా పడేసింది. రవికలకనుకుని ఉంటది. మఠంలో సిస్టర్లు మజ్జానం పడుకున్నాక, ఆళ్ళ మిషను మీద రెండు నెల్లు కుట్టాను. ఒక్కసారి ఏసుకుని అద్దంలో చూసుకుందారని."

"చూసుకున్నావా?"

"ఎక్కడే. ఆఖరి కుట్టేసిన రోజే మాయమ్మ చూసేసింది. ఎవరిదే ఇది అంది. నాదనబోయాను. నోట్లోంచి దొరసానిదని వచ్చేసింది. ఈపు కనపడే గౌను మనింట్లో ఎవరేసుకుంటారే? నవ్వరూ? నెల తిరక్కుండా ఆళ్ళెళ్ళిపోయారు. పాపం వదిలేసి పోయిందన్నారు అందరూ. నేనూ అన్నాను. పేటంతా చూడ్డానికొచ్చేవోళ్ళు. నా గౌనంటే ఎవరొచ్చేవోళ్ళు?"

"మొన్న దివ్య అడిగినప్పుడన్నా చెప్పొచ్చుగా. నేను కుట్టు కూడా విప్పేశాను."

"నాదని ముందు చెప్తేగా, తర్వాత ఇవ్వనని చెప్పడానికి."

ముప్ఫై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఈవిడ ఒంటి కొలతలన్నీ నోటికి వచ్చి కూడా, ఈవిడకు ఇలాంటి ఆశ ఒకటి ఉందని తెలియనందుకు ఆగ్నెస్‌కు సిగ్గనిపించింది. ఆ సిగ్గు పడడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు. కత్తెర పక్కన పెట్టి, ఫోను తీసుకుంది.

"దివ్యా, గౌను కుదరదమ్మా."

"అదేంటి దొడ్డమ్మా. బ్యానర్ మీద వేయించేశారు, ఫ్రెంచ్ దొరసాని గౌన్ అని. ఇప్పుడు కుదరదంటే నా పరువేం కావాలి? చిరిగిపోయిందా?"

చిరిగిపోయిందని చెప్తే అయిపోయేది. చిమ్మటలు కొట్టేశాయంటే ఇంకా తేలిగ్గా అయిపోయేది. ఆగ్నెస్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మంచం వైపు చూసింది. అబద్ధం చెప్పమంటే చెప్పడానికి ఆమె సిద్ధంగానే ఉంది. ఒక్క అబద్ధంతో ముసలామె డెబ్భై ఏళ్ళు నెట్టుకొచ్చింది, ఇంకో నాలుగేళ్ళు నెట్టుకురాలేదా?

తెరేసా తల అడ్డంగా ఊపింది.

"నాదని చెప్పు," అంది.

గొంతు చిన్నగానే ఉంది గానీ వణకలేదు.

"అది దొరసానిది కాదే," అంది ఆగ్నెస్ ఫోనులో. "మీ మామ్మది. తన కోసం తనే కుట్టుకుంది."

సణుగుతుందనుకుంది ఆగ్నెస్. ఈ కాలం పిల్లలకు ఇలాంటివి ఏం పడతాయి?

"మరి మామ్మ వేసుకుందా ఎప్పుడన్నా?" అంది దివ్య.

"లేదు."

"అయితే నేను ఆరింటికి వస్తాను. మామ్మని వేసుకుని ఉండమను. నాకు చూడాలనుంది." ఫోను పెట్టేసింది.

అంటే పని తగ్గలేదు, పెరిగింది. విప్పిన కుట్టు మళ్ళీ వేసింది. పొయ్యి మీద నీళ్ళు కాచింది. అత్తగారికి స్నానం చేయించి, పౌడరు రాసి, తల దువ్వి, గౌను తల మీంచి దింపింది. ఒకప్పుడు దానికి సరిపోయే మనిషి ఇప్పుడు అందులో సగమే ఉంది. ఆగ్నెస్ మోకాళ్ళ మీద కూర్చుని, నైటీ మీది గుండుసూదులు ఒక్కొక్కటే తీసి, వెనక మడతలు పెట్టింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పైకి చూస్తే, ఎడమ భుజం మీద గుడ్డ ఒక్క ముడత లేకుండా కూర్చుంది.

తెరేసా అద్దం అడగలేదు. అడిగినా ఆ కళ్ళకు కనపడదు. నడుము నుంచి కుచ్చెళ్ళ దాకా చేతులతో తడుముకుంటూ కిందికి వెళ్ళింది, మళ్ళీ పైకి వచ్చింది.

"ఎనక బాగా పడిందా?"

"పడింది. బాగుంది అత్తా. శానా బాగుంది." ఆ మాట నిజంగా అంటోందని ఆగ్నెస్‌కు అన్నాక తెలిసింది. ముసలామె మెడ నిలబెట్టింది. నాలుగు రోజుల నుంచి ఒరిగిపోయి ఉన్న మనిషి, నిటారుగా కుర్చీలో కూర్చుంది. జావ ఉంటే కాస్త పట్రమ్మంది. గౌను మీద పడకుండా జాగ్రత్తగా, గ్లాసు మొత్తం తాగింది.

"నువ్వలాగే ఉంటావేంటే?" అంది గ్లాసు ఇస్తూ.

"నాకేం. నేను చూసేదాన్నేగా."

"చూసేవోళ్ళూ తయారవ్వాలే. విందు రోజున దొరలింట్లో తలుపు తీసే మనిషి కూడా గంజి పెట్టిన బట్టలు కట్టేవోడు. ఎళ్ళు, చీర కట్టుకురా."

వాదించడం కంటే కట్టుకోవడం తేలిక. ఆగ్నెస్ బీరువా తీసింది. వంగపండు రంగు పట్టుచీర ఒకటి అడుగున ఉంది. దాని జాకెట్టు మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఇంకొకటి తీసింది. భుజం దాకా వచ్చింది, ముందు జానెడు దూరంలో హుక్సు ఒకదాన్నొకటి చూస్తున్నాయి. మూడోది తిరగేసి, లూజు చేద్దామని పక్క కుట్టు చూసింది. లోపల గుడ్డ ఎప్పుడో అయిపోయింది. బయట తాడు మీద, రేపు ఇవ్వాల్సిన జాకెట్లు ఇస్త్రీ చేసి వరసగా వేలాడుతున్నాయి. అందులో ప్రతిదీ ఎవరో ఒకరికి అతికినట్టు సరిపోతుంది. ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. ఏడవాలనిపించింది. ఏడుపు కూడా మధ్యలోనే అలిసిపోయి ఆగిపోయింది.

"ఏమైందే?" అంది తెరేసా ముందు గదిలోంచి.

"నాకు పట్టే జాకెట్టు లేదత్తా."

"నీ కొలతెంత?"

"తెలీదు."

వీధిలో సగం మంది ఆడవాళ్ళ కొలతలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తనది తెలీదు. గుడ్డ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. తెరేసా గోడ పట్టుకుని, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, గుమ్మం దాకా వచ్చింది.

"టేపిలా తే. లెగు. చేతులెత్తు."

ఆగ్నెస్ లేచి చేతులెత్తింది. పౌడరు వాసన వేసే ముసలి చేతులు ఆమె చుట్టూ తిరిగి, టేపు ముందుకు తెచ్చి, వేలితో నొక్కి పట్టుకున్నాయి.

"నాకు అంకెలు కనపడవు. నువ్వే చదువు."

"నలభై రెండు," అంది ఆగ్నెస్.

"బీరువాలో గుడ్డ ఉంటది చూడు. నువ్వు కత్తిరించి కుట్టెయ్యి. హుక్సు తడుముకుంటా నేనేత్తాను." తెరేసా టేపు వదలకుండానే, గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషినీ అరవై ఏళ్ళు అడిగిన ప్రశ్నే అడిగింది. "ఎప్పటికి కావాలమ్మా?"

ఆగ్నెస్‌ను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఇవాళ్టికే," అంది.