చుక్క పెట్టని కప్పులు

సోమవారం పొద్దున్నే శివలింగం ఎర్ర పెయింటు డబ్బా, చిన్న బ్రష్షూ తెచ్చి నా ముందు పెట్టాడు. మలేసియాలో బంటింగ్ అనే ఊళ్ళో మా గ్లవుజుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి అతను సూపర్‌వైజరు. నేను కప్పులు కడిగి, నీళ్ళూ టీలూ అందించేదాన్ని. నేపాలు వాళ్ళూ బంగ్లా వాళ్ళూ తాగే కప్పులకు ఎర్ర చుక్క పెట్టాలట, వాటిని వేరే అరలో ఉంచాలట, మేనేజర్ ఆర్డరట. రోగాలు రాకుండానట. రోగాలకు పాస్‌పోర్టు చూసి మరీ అంటుకునే తెలివి ఎప్పుడొచ్చిందో!

ఒళ్ళు మండిపోయింది. సుంగై సిపుట్ రబ్బరు ఎస్టేటులో మా అయ్య కూర్మయ్యకు గుమాస్తా ఇంటివాళ్ళు గ్లాసివ్వకుండా దోసిట్లో నీళ్ళు పోసేవారు. అది చూస్తూ పెరిగినదాన్ని. డబ్బా తీసుకెళ్ళి సింకు కింద పడేసి, కప్పులన్నీ కలిపి ఒకే అరలో పేర్చాను.

"పెయింట్ వెయ్యి లా, కన్నమ్మక్కా," అన్నాడు శివలింగం, ఇక్కడి వాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి. "దెబ్బ నీకు కాదు, నీ కూతురికి. శుక్రవారమే గదా ఆ పిల్ల కాగితం."

అదే నా భయం. మా మోహనప్రియ అదే ఫ్యాక్టరీ ఆఫీసులో ఆరు నెలలుగా టెంపరరీ. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ మేనేజరే. మంగళవారమంతా తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. పెయింటు వేసేద్దామా అని రెండుసార్లు సింకు దగ్గర వంగాను కూడా. చెయ్యి రాలేదు. ప్రియకు చెప్పనూ లేదు. చెబితే వద్దంటుందని భయం.

ఎవరు మోశారో గానీ, బుధవారం భోజనాల వేళ మేనేజర్ వచ్చాడు. వెనకాల ఫైలు పట్టుకుని ప్రియ. అప్పుడే నీళ్ళు తాగిన నేపాలు పిల్ల మాయ చేతిలోంచి కప్పు తీసుకుని, అందులోనే నీళ్ళు పట్టి, ప్రియకిచ్చాడు. మీ అమ్మకు అందరూ ఒక్కటేనట, నువ్వు తాగి చూపించు అన్నాడు మలాయ్‌లో, నవ్వుతూ. క్యాంటీన్‌లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

ప్రియ నా వంక చూసింది. సంగతేమిటో దానికి అప్పుడే అర్థమైంది. తాగితే కాగితం పోతుంది. తాగకపోతే రేపు ఈ జనం మొహం నేనెలా చూడను?

అది కప్పు ఎత్తి, పెదవికి ఆనకుండా, పైనుంచి నోట్లో పోసుకుంది. తప్పు పట్టడానికి లేదు. మా ఇంట్లో ఎవరి గ్లాసైనా, సొంత గ్లాసైనా అలాగే తాగుతాం. కరిచి తాగితే ఎంగిలని చిన్నప్పుడు వీపు మీద ఒకటిచ్చి నేర్పింది నేనే. అదంతా మేనేజర్‌కేం తెలుసు? చూశారా, ఈవిడ కూతురే మూతి పెట్టలేదని అందరికీ వినపడేలా అన్నాడు. మాయ తల దించేసుకుంది.

ఛీ, నా ఎంగిలీ నేనూ అనిపించింది. ప్రియ చేతిలోని కప్పు లాక్కుని, అంచు కరుచుకుని, మిగిలిన నీళ్ళు గటగటా తాగేశాను. చుక్కలు పెట్టేది లేదని, ఇది నా పనే గానీ పిల్లకేమీ తెలియదని చెప్పాను. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదన్నాడు.

పోతే పోయింది, పిల్ల గండం గడిచిందనుకున్నాను. ఇంతలో ప్రియ ఫైలు బల్ల మీద పెట్టింది. అదే కప్పులో మళ్ళీ నీళ్ళు పట్టుకుని, పెదవులానించి, నెమ్మదిగా ఒక్కొక్క గుక్కే మింగింది. మేనేజర్ వంక చూడలేదు. నా వంకే చూసింది. ఆ చూపులో కోపం తప్ప ఏమీ లేదు.

శుక్రవారం కాగితం రాలేదు. సాయంత్రం అది బస్సు దిగి ఇంట్లోకి రాగానే, నా పంతం కోసం నీ పొట్ట కొట్టానే అమ్మీ అని ఏడ్చాను.

"తాగినది నేను. నీ కోసం కాదు," అంది. "సోమారమే సెప్పుంటే నీ పక్కనే నిలబడుదును గదా. నన్నేటనుకున్నారమ్మా మీరిద్దరూ? ఆయనా నన్నడక్కుండానే కప్పు సేతికిచ్చినాడు, నువ్వూ నన్నడక్కుండానే నా ఉద్యోగం పందెం కాసినావు."