ఫొటోలో మనిషి

వాష్‌బేసిన్ తోమడం కన్నా దాన్ని ఫొటో తీయడమే కష్టం. తోమేటప్పుడు ఎలాగైనా నిలబడొచ్చు. ఫొటో తీసేటప్పుడు మాత్రం నేను అద్దంలో కనబడకూడదు. బల్లిలా గోడకు అతుక్కుని, చెయ్యొక్కటే చాపి నొక్కాలి. పని మొదలెట్టే ముందొకటి, అయ్యాక ఒకటి యాప్‌లో పంపితేనే కస్టమరింట్లో బాత్రూం కడిగినట్టు మా క్లీనింగ్ కంపెనీ లెక్క. ఫొటోలకి వేరే కూలీ ఏమీ లేదు, అదీ పనిలో భాగమేనట. మోచెయ్యి పడినా యాప్ తిప్పి పంపుతుంది. నావి ఇప్పటికే చాలా తిరిగొచ్చాయి, ఇంకొక్కటి వస్తే పని ఇవ్వరు. “కస్టమర్లు చూసేది బాత్రూంని అక్కా, మిమ్మల్ని కాదు” అంది సూపర్‌వైజరు పిల్ల, రూలు తను పెట్టలేదన్నట్టు. నిజమే, తను పెట్టలేదు.

ఇంట్లోనూ నాకిదే ఉద్యోగం. చుట్టాలొస్తే అందరూ సోఫాలో సర్దుకుంటారు, మా ఆయన ఫోను నా చేతిలో పెడతాడు. మా కోడలి చెయ్యి కదలదని అత్తగారు మెచ్చుకుంటారు. ఆ మెప్పుకి పొంగిపోయి ఇన్నాళ్ళూ ఏ ఫొటోలోనూ లేకుండా పోయాను. నేనేం చేస్తున్నానని ఎవరైనా అడిగితే ఆయన “ఏదో కంపెనీలో” అని నసుగుతాడు. పనిమనిషి అనడానికి నోరు రాదు.

మొన్న బస్టాపులో కంపెనీ ప్రకటన చూసి ఆగిపోయాను. మూల విరిగిన నీలం టైలు, పక్కన తళతళలాడే కుళాయి. నేను తోమిందే, నేను తీసిందే. కింద పెద్దక్షరాలతో “మాయలా మెరుపు” అని వేశారు. ఒళ్ళు మండిపోయింది. మాయేమిటి, నా నడుము! నేను తీసిన ఫొటోనే పెట్టి, అక్కడ నేను లేనేలేనని ఊరందరినీ నమ్మిస్తున్నారు. ఇంటికొచ్చి చెబితే ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

“అందులో నువ్వెక్కడున్నావ్, నీదని చెప్పుకోడానికి?”

వెళ్ళి గిన్నెలు కడుక్కున్నాను.

ఇవాళ పనంతా అయ్యాక గోడ వదిలేసి అద్దానికి ఎదురుగా నిలబడ్డాను. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. సర్దుకోలేదు. ఈ పని పోతే ఇంట్లో ఏమంటారో తెలుసు, ఇంకో పని వెంటనే దొరకదనీ తెలుసు. భయం వేసింది. అయినా నొక్కాను.

కాసేపటికి యాప్‌లో ఎర్రక్షరాలు వచ్చాయి. “ఈ ఫొటోలో మనిషి ఉన్నట్టు గుర్తించాం. మళ్ళీ తీస్తారా? ఇలాగే పంపుతారా?”

రెండోసారి చదువుకున్నాను. ముందు ‘పని’ తగిలించకుండా నన్ను మనిషి అనడం ఇదే మొదటిసారి.

ఇలాగే పంపాను.