తండ్లాడే నీళ్లు

చిట్యాలల నిరంజన్ వాళ్లింట్ల ఎవరి చెంబు వాళ్లకుంటది. రాధ నిరంజన్‌ను చేసుకొని కొత్త కోడలుగ వచ్చిన నాడు అత్త ఉప్పు డబ్బా యాడున్నదో చూపెట్టి, అదే గొంతుతోని ఇంకో మాట చెప్పింది. "ఈ ఇంట్ల ఎవరి పానం తండ్లాడితే వాళ్ల చెంబుల నీళ్లు తిరుగుతయి బిడ్డా. భయపడకు, మూత పెట్టు." అత్త కాలం చేసినంక రాధనే మూతలు పెట్టుకుంట వచ్చింది.

తండ్లాట అంటే రాధకు చిన్నప్పుడే ఎరుక. గట్టు మీద ఏసిన చేప తండ్లాడుతది. దూడను ఇడగొడితే బర్రె తండ్లాడుతది. మామ చెంబు సంగతి సరేసరి. ఆడబిడ్డ స్పందన తండా పిలగాడు ప్రేమ్‌సింగ్‌ను చేసుకొని మహబూబాబాద్ పోయిన నాటి సంది తిరుగుతనే ఉన్నది.

నిరంజన్‌ది వేరే మాట. "బాపు ఎమోషనల్ అయితుండు," అని టీవీ సౌండు పెంచేటోడు. ఎంత దుఃఖమైనా ఆయన లెక్కల జలుబు అసొంటిది, దానంతటదే తగ్గుతది.

మామ పోయిండు. కాష్టం కాలింది. చెంబు మాత్రం ఆగలే. చెల్లెకు కబురు చెప్పనియ్యలేదు నిరంజన్. "అది వస్తే ఎమోషనల్ అయితది. నలుగుర్ల ఇజ్జత్ పోతది," అన్నడు. రాధ మామ చెంబు మీద మూత పెట్టింది. మూతలు పెట్టుడు ఆమెకు అలవాటైపోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టిండ్రు. ఇస్తార్ల అన్నం, కోడికూర, మామ తాగే కల్లు, బీడీలు పెట్టి అందరు ఎనుకకు జరిగిండ్రు. కాకులొచ్చి గోడ మీద కూసున్నయి. ఒక్కటి దిగలే, ఒక్కటి అరువలే. మనుషుల మొకాలే చూసుకుంట కూసున్నయి.

"ముట్టు బాపూ. బాయికాడి మోటరు బాగు చేపిస్త. నీ ఎడ్లను అమ్మను," అని మొక్కిండు నిరంజన్. కాకులు కదల్లే.

అరుగు మీద కూసున్న మామ అక్క సోమక్క అన్నది, "మోటరు కోసం తండ్లాడుతడారా నా తమ్ముడు? బిడ్డను పిలువు."

"గిదంత ఎమోషన్ అత్తమ్మా. గా నీళ్లు పారబోస్తే అయిపాయె." నిరంజన్ లోపటికి పోయి బాపు చెంబు తెచ్చి, వాకిట్ల బోర్లించిండు.

నీళ్లు పడలే. తలకిందులైన చెంబులనే గిర్రున తిరుగుతున్నయి. చుట్టాలు జర దూరం జరిగి కూసున్నరు.

మూత పెట్టి ఎంత పాపం చేసిన్నో అనుకున్నది రాధ. ఫోన్ తీసింది. నిరంజన్ గుడ్లురిమినా ఆగలే.

"స్పందనా, మీ బాపు పోయిండు."

ఫోన్ల అవుతలికెల్లి నీళ్లు చెంబుకు కొట్టుకుంటున్న చప్పుడే వస్తంది.

"తెలుసు వదినె. మూడొద్దుల సంది నా చెంబు కూడ ఆగుతలేదు."

"మరి రాకపోతివి?"

"అన్న పిలువకపాయె. గడప కాడ ఆపుతడేమోనని భయమైంది."

"నేను పిలుస్తున్న. రా."

పొద్దు వాలంగ స్పందన, ప్రేమ్‌సింగ్ బస్సు దిగి వచ్చిండ్రు. కాకులు అప్పటిదాక గోడ మీదనే ఉన్నయి. స్పందన ఏడ్వలే. బోర్లించిన బాపు చెంబును నిలువుగ తిప్పి రెండు చేతుల్ల పట్టుకున్నది. నీళ్లు నిలవడ్డయి. ఒక కాకి కిందికి దిగి ముద్ద ఎత్తుకున్నది. ఎనుకనే మిగిలినయన్ని దిగినయి.

నిరంజన్‌కు దూప అయింది. తన చెంబెత్తి నోట్లె వంచుకున్నడు. ఒక్క చుక్క రాలే. ఇంకింత వంచిండు. లోపట నీళ్లు తిరుగుతున్న చప్పుడు వాకిట్ల అందరికి ఇనవడుతంది. చెంబు అట్లనే పట్టుకొని చెల్లె దిక్కు చూసిండు. ఆమె ఎనుక చెప్పులిడిచి నిలవడ్డ ప్రేమ్‌సింగ్ దిక్కు చూసిండు.

"చెల్లే, బావను తోల్కొని లోపటికి రా."

నీళ్లన్ని ఒక్కసారే ఆయన మొకం మీద పడ్డయి. నిరంజన్ తుడుసుకోలే. రాధ లోపటికి పోయి, ఇంట్ల ఉన్న చెంబుల మీది మూతలన్ని తీసింది.