నడుమ నుంచి కోత

పెళ్లయి ఆ ఊరొచ్చిన నాటికి వియోరికా చేతిలో ఉన్నవి రెండే: ఎండుగడ్డి పోగుచేసే చెక్క దంతె, అమ్మ ఆమె పేరున రాసిచ్చిన కొండవాలు గడ్డినేల. దంతె ఆమెదేనని అత్తింట్లో అందరూ ఒప్పుకున్నారు. నేల మాత్రం ఏడాది తిరక్కుండానే, భర్త పేరు తగిలించుకుని, "మా తోదెర్ గడ్డినేల" అయింది.

శనివారం సంతలో చీజ్ అమ్మే మనిషి ఆమె. ఎదుటివాడి కళ్లు చూసి బేరం ఎక్కడ తెగుతుందో చెప్పగలదు. ఆ తెలివి గడప లోపల చెల్లేది కాదు. ఆవుల్ని పితికేది ఆమె, చీజ్ చేసేది ఆమె, కోసిన గడ్డి పోగేసేది ఆమె. "పాపం, ట్రాక్టర్ మీద కూర్చుని కూర్చుని వాడి నడుము పడిపోయింది," అనేది అత్త సవేత, రోజంతా దంతె లాగి వచ్చిన కోడలి చేతికే కొడుకు పళ్లెం అందిస్తూ.

ఊళ్లో కోత ఎప్పుడూ అంచుల్లో మొదలై, చుట్టూ తిరుగుతూ నడుమకు చేరుతుంది. కోసేవాడు ముందుకు చూస్తాడు. వెనక ఏం మిగిలిందో చూసేది దంతె పట్టుకుని నడిచే ఆడది. ఇరవై రెండేళ్లుగా చివరి చాళ్లలో వియోరికాకు దొరికేవి గరగరపిట్ట పిల్లలు, నల్లగా, గుప్పెట్లో పట్టేంత, తెగిపోయి. దువ్వెన పళ్ల మీద గోటితో గీసినట్టు వేసవంతా అరిచే పిట్ట అది. కోసిన బోడినేల దాటడానికి జంకి, మిగిలిన గడ్డిలోకి జరిగి జరిగి, నడుమ చిక్కుకుంటుంది. మాటామాటకీ ఒక్కో అడుగు వెనక్కి వేసి చివరికి వంటింట్లో తేలిన తనకు, ఆ జరగడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిరుడు ఏడు పిల్లల్ని ఏరి తెచ్చి చూపిస్తే తోదెర్ తల కూడా ఎత్తలేదు. "కోళ్లకు మేతేశావా?" అన్నాడు.

ఈ ఏడు వాలు మొత్తం మీద అరుపు ఒక్క ఆమె నేలలోనే వినిపించింది. ఇక్కడా పోతే ఇక పిట్టే లేదు.

జూన్ చివర తోదెర్ కోత కత్తులకు పదును పెడుతుంటే వియోరికా అంది: "ఆగస్టు దాకా ఆగుదాం. అప్పటికి పిట్ట పిల్లలు పరుగెత్తగలవు."

"గడ్డి ముదిరితే పాలు తగ్గుతాయి. నీ పిట్టలిస్తాయా పాలు?"

"ఎన్ని తగ్గుతాయో నాకు తెలుసు, పితికేది నేను. నేల కాగితం కూడా నా పేరునే ఉంది."

"ఇన్నేళ్లూ లేని కాగితం ఇప్పుడెక్కడిదమ్మా?" అంది సవేత.

"దుప్పట్ల కింద ఉంది అత్తయ్యా. ఆ దుప్పట్లు ఉతికేదీ నేనే కదా, ఇంకెవరికి కనపడుతుంది?"

తోదెర్ ట్రాక్టర్ తాళంచెవి బల్ల మీద విసిరాడు. "అయితే నువ్వే కోసుకో."

అతను ఎగతాళికే అన్నాడు. సంతలో అయితే అలాంటి మాట నోరు జారిన క్షణాన బేరం తెగినట్టే. ఆమె తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.

ఆగస్టు మొదటి సోమవారం ట్రాక్టర్ ఎక్కింది. ఏటా ట్రాక్టర్‌కు కట్టిన గడ్డిబండి తోలేది ఎలాగూ ఆమే. నిలువు గడ్డిలోంచి నేరుగా నడుమకు పోయి, అక్కణ్నుంచి బయటికి తిరగడం మొదలుపెట్టింది. కంచె పక్కన పొరుగు గవ్రీల్ నవ్వాడు. "ఏరా తోదెర్, మీ ఆవిడ రొట్టెను నడుమ నుంచి కొరుకుతోందే."

కోసిన గడ్డి ఆరబెట్టడానికి ఎవరో ఒకరు వెనక నడవాలి. దంతె ఈసారి తోదెర్ చేతిలో ఉంది.

అంచున రెండు చాళ్లు మిగిలాయనగా వెనకనుంచి తోదెర్ గొంతు వినిపించింది. "వియోరికా, ఆపు. ఆపు."

ఇంజన్ ఆగింది. గోధుమరంగు తల్లి పిట్ట ఒకటి మెడ చాచి చూసి, గడ్డిలోంచి పొదల్లోకి పరుగెత్తింది. వెనక నల్ల పిల్లలు. తోదెర్ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది.

"నిరుడు తెచ్చినవి... ఇవేనా?"

"ఇవే. ఏటా."

అతను వెనక్కి తిరిగి, నడిమి చాళ్లన్నీ దంతెతో మెల్లగా కదిపి చూశాడు. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

కంచె అవతల గవ్రీల్ భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మాది ఇంకా కోయలేదు వియోరికా. నువ్వొచ్చి కోస్తావా?"

"వస్తాను. కూలి మాట్లాడుకుందాం," అంది వియోరికా.

అంచున ఆ రెండు చాళ్లూ పిట్టకు వదిలేసి ఇంటిదారి పట్టింది. ఇరవై మూడో ఏట లెక్క తేలింది: తొమ్మిది ప్రాణాలు పొదల్లో, తాళంచెవి ఆమె జేబులో, దంతె తోదెర్ భుజాన.